వాగు ఒడ్డున ఇంజినీరమ్మ

మొన్న పొద్దున్నే ఖాజాగూడ చెరువు వైపు నడకకు వెళితే పెరికిన జమ్ముగడ్డి వాసన వచ్చింది. ఆ వాసన తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. పచ్చగడ్డి వాసనలాగే ఉంటుంది గాని, దాని అడుగున బురద చల్లదనమూ కొద్దిగా చేపల నీచూ ఉంటాయి. చెరువు అంచున పనివాళ్లు జమ్మును వేళ్లతో సహా పెరికి ట్రాక్టరులోకి ఎత్తుతున్నారు. నాతో నడుస్తున్న మిత్రుడు ఇక నీళ్లు బాగా కనిపిస్తాయని సంతోషపడ్డాడు. నేను అక్కడే ఆగిపోయాను. సుభద్ర గారు గుర్తుకొచ్చారు. ఆమె ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. ఏమీ అనేవారు కాదు. ఆ పనివాళ్ల దగ్గరకు వెళ్లి, ఈ పని ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో ముందు కనుక్కునేవారు.

తొంభైల చివర్లో, మాదాపూర్ రాళ్ల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో నేను ఆమె కింద పని చేశాను. మాది కొత్తగూడ. అప్పటికి అది ఇంకా ఊరే. జొన్నచేలు, సీతాఫలం పొదలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు. సివిల్ డిప్లొమా పూర్తి చేసి, ఒక ఇంటి మేడ మీద నడిచే చిన్న కన్సల్టెన్సీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. లేఅవుట్లు, రోడ్లు, మురుగు కాలువల నక్షలు గీసేవాళ్లం. యజమాని తిరిగి పనులు తెచ్చేవాడు, ఆ పనులు చేయించేది చీఫ్ ఇంజినీరు సుభద్ర గారు. ఆమెది కోనసీమ. భర్త బ్యాంకు ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి గచ్చిబౌలిలో ఇల్లు కట్టుకున్నారు. యాభై దాటిన మనిషి. గంజి పెట్టిన నేత చీర, మగవాళ్లు పెట్టుకునేటంత పెద్ద గడియారం, నెమ్మదైన గొంతు. నేను గీసిన నక్షలో తప్పుంటే తప్పని అనేవారు కాదు. కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ వాన పడితే నీళ్లు ఎటు పోతాయి శ్రీశైలం?" అని అడిగేవారు. జవాబు వెతుక్కుంటూ పోతే తప్పు నాకే దొరికేది. మరునాడు నేనే ఆ ప్రశ్న వేసుకుని గీసేవాణ్ని.

ఆమెకు ఇంకో జీవితం ఉందని చేరిన కొత్తలోనే తెలిసింది. మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు అంజమ్మ, గచ్చిబౌలికి పోయే దారిలో గుట్టల కింద వాగు పక్కన ఉండేది. నాలుగైదు ఇళ్లు, బర్రెల కొట్టాలు, వాటి వెనక వాగు. వానాకాలంలో ఒక ఆదివారం సైకిల్ మీద చిన్నమ్మ ఇంటికి పోతుంటే, వాగు మడుగు దగ్గర బండ మీద ఒకామె వెదురు గాలం పట్టుకుని కూర్చుని కనిపించింది. మా వైపు ఆడవాళ్లు గాలం వేయగా నేను చూడలేదు. దగ్గరకు పోతే మా మేడం. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, పక్కన కొబ్బరి చిప్పలో వానపాములు పెట్టుకుని ఉన్నారు. నేను తడబడి, మీరు చేపలు పడతారా అని అడిగాను. పడతాను, పడకపోయినా కూర్చుంటాను అని, కొంచెం వెనక్కి జరగమన్నారు. నా నీడ నీళ్ల మీద పడుతోందట.

ఆ రోజు చాలాసేపు ఆమె వెనక గడ్డిలో కూర్చున్నాను. ఆమె తండ్రి గోదావరి కాలువ మీద, తలుపులు తీసి పడవలను దాటించే లాకు దగ్గర సూపరింటెండెంటుగా చేశారు. పడవలు వచ్చేదాకా ఆయనకు తీరికే. లాకు గోడ మీద కూతుర్ని కూర్చోబెట్టి గాలం నేర్పారు. పెళ్లయ్యాక అత్తవారింట్లో ఇదేం సరదా అన్నారట. మానేయమని భర్త అనలేదు, అది చాలనుకున్నాను అని చెప్పారు. మాట్లాడుతున్నా ఆమె కళ్లు నీటి మీద తేలే బెండు దగ్గర ఉండేవి కావు. ఒడ్డు వెంట, జమ్ము నీళ్లలోకి దిగిన చోట తిరుగుతుండేవి. మడుగు నడిమి ఖాళీ అనీ, బతుకంతా అంచున ఉంటుందనీ అన్నారు. చూపిస్తే గాని నాకు కనబడలేదు. ఈతచెట్టు మట్టల చివర గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. వాటి కింద తూటికాడ మీద తాబేలు మెడ చాపి ఎండ కాచుకుంటోంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ వాగు పక్కన తిరుగుతున్నాను. దాన్ని కూర్చుని చూడటం మాత్రం అదే మొదలు.

కాసేపటికి ఆమె లేచి, చప్పుడు చేయకుండా రమ్మని సైగ చేశారు. తుంగ దుబ్బు పక్కన నీళ్లలో పిడికెడు కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఏదో ముద్దగా కదులుతోంది. కొర్రమీను పిల్లలట. నూకల కంటే పెద్దవి కావు. వాటి కింద, నీడలో నీడలాగా, తల్లి చేప నిలబడి ఉంది. నాకు ఆశ పుట్టింది. అంత పెద్ద కొర్రమీను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. వెయ్యండి మేడం, ఇక్కడే వెయ్యండి అన్నాను. ఆమె అప్పటికే దారం చుట్టేస్తున్నారు.

"వేస్తే తప్పకుండా పడుతుంది. ఆకలితో కాదు, పిల్లల మీదకు ఏదో వచ్చిందని కొరుకుతుంది. అలా వచ్చిన చేపని నేను పట్టినట్టు కాదు."

ఆ మాట చెప్పి, చిప్ప తీసుకుని ఎగువ మడుగుకు నడిచారు. ఆ పూట ఆమెకు మూడు వేళ్లంత జెల్ల చేప ఒక్కటి పడింది. దాన్నీ వదిలేశారు. తర్వాత చాలా ఆదివారాలు నేను వెంట వెళ్లాను. గాలం వేయడం నేర్చుకున్నాను గాని ఎప్పుడూ బాగా రాలేదు. కదలకుండా కూర్చోవడం మాత్రం వచ్చింది. ఇరవై ఏళ్ల వయసులో అది చిన్న చదువేమీ కాదు.

ఆ ఏడు వరికోతల కాలంలో మా చిన్నమ్మ కూతురు లలితను పాము కరిచింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. బర్రెలకు గడ్డి తేవడానికి మాపటేళ వాగు బాట పట్టి వెళ్లింది. రక్తపింజర. చాలా రోజులు దవాఖానలో ఉంది. బతికింది గాని ఎడమ కాలు మడమ దగ్గర మాంసం పోయి, నడకలో కుంటు మిగిలింది. చిన్నమ్మ అప్పటి నుంచి వాగు పేరెత్తితే మనిషి కాదు. ఆ పొదలన్నీ తగలబెట్టాలనేది. సరిగ్గా ఆ రోజుల్లోనే వాగు ఎగువన కొత్త లేఅవుట్‌లో ఇళ్లు లేచాయి. కట్టుకున్నవాళ్లలో కోస్తా నుంచి వచ్చిన రిటైరైన ఉద్యోగులు ఎక్కువ. వాళ్లకూ పాముల భయమే, దోమల బాధే. వాగు రెండు ఒడ్లూ చదును చేసి, చెట్టూ పొదా తీసేసి, రాతికట్టు వేయించాలని అందరూ కలిసి మా యజమాని దగ్గరకు వచ్చారు. మా చిన్నమ్మతో సహా ఊరివాళ్లూ సంతకాలు పెట్టారు.

ఆ పని మా బల్ల మీదకే వచ్చింది. మీటింగులో సుభద్ర గారు ఒప్పుకోలేదు. ఒడ్డు మట్టిని పట్టుకుని ఉన్నది ఆ వేళ్లేనని, తీసేస్తే మొదటి పెద్దవానకే గట్టు జారుతుందని, పూడిక పడితే చేపా పక్షీ పోతాయని లెక్కలతో సహా చెప్పారు. నేను పక్కన నక్ష పట్టుకుని నిలబడ్డాను. ఆమె చెప్పినదంతా సరైనదే. కాని వింటున్నవాళ్ల ముఖాలు బిగుసుకుపోవడం నాకు కనబడుతోంది. వాళ్లలో ఒక పెద్దాయన, మర్యాదస్తుడే, చివరికి లేచి నిదానంగా అన్నాడు: "మీరు ఆదివారం వచ్చి చేపలు పట్టుకుని వెళ్లిపోతారండీ. మేం రోజూ అక్కడ పడుకోవాలి." సుభద్ర గారు లెక్కల కాగితాలు మడిచి పెట్టుకున్నారు. యజమాని నవ్వుతూ మాట మార్చి, పని చేస్తామని వాళ్లకు భరోసా ఇచ్చి పంపాడు.

తొలకరి పడగానే, మా నక్ష పూర్తి కాకముందే, ఎగువ ఒడ్డు మీదకు చెట్లు పెకలించి మట్టి చదును చేసే మిషను దిగింది. నాకు సోమవారం తెలిసింది. సుభద్ర గారిని స్కూటరు మీద తీసుకువెళ్లాను. అప్పుడే ఆ జమ్ము వాసన నా ముక్కులో మొదటిసారి నిలిచింది. ఎగువ మడుగు రెండు వైపులా ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. ఈతచెట్లు వేళ్లు పైకి తేలి పడి ఉన్నాయి. గిజిగాళ్లు సగం అల్లిన గూళ్లు మట్టలతో పాటు మట్టిలో కలిసి ఉన్నాయి. పక్షులు మాత్రం పోలేదు. చెట్టు ఉండవలసిన చోట, ఖాళీ గాలిలో, గడ్డిపోచలు ముక్కున పట్టుకుని తిరుగుతున్నాయి. నీళ్లు చాయ రంగుకు మారాయి. కొంగలు గుంపుగా నిలబడి, దాక్కునే చోటు లేని చేపపిల్లల్ని ఏరుకుంటున్నాయి. సుభద్ర గారు చెప్పులు విప్పి బురదలో దిగారు. మిషను చక్రాల దారిలో ఒక తాబేలు డొప్ప పగిలి చచ్చి ఉంది. పక్కనే ఇంకొకటి బతికి ఉంటే, దాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని, దిగువ మడుగు దాకా నడిచి వదిలారు. తిరిగి స్కూటరు దగ్గరకు వచ్చాక పాదాలు కడుక్కుంటూ, సాయంత్రం మీ చిన్నమ్మ గారింటికి తీసుకెళ్తావా అని అడిగారు.

నాకు భయం వేసింది. చిన్నమ్మ నోరు నాకు తెలుసు. వద్దని చెప్పి చూశాను, ఆమె వినలేదు. వెళ్లగానే సుభద్ర గారు వాగు మాట ఎత్తలేదు. లలితను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, కాలు చూడనిస్తావా అని అడిగి, మడమ మీది మచ్చను చాలాసేపు చూశారు. కాలేజీకి ఎలా పోతున్నదీ, బస్సు ఎక్కడం కష్టమవుతోందా, అన్నీ అడిగారు. చిన్నమ్మ గుమ్మంలో నిలబడే ఉంది. మేడం ఎందుకు వచ్చారో చిన్నమ్మకు తెలుసు. చివరికి ఆగలేక తానే మొదలుపెట్టింది.

"చూడు ఇంజినీరమ్మా, నీకు చేపల ఫికరు, నాకు నా బిడ్డ ఫికరు. ఏది పెద్దదో నువ్వే చెప్పు."

"మీ అమ్మాయిదే పెద్దదండి. ఆ రోజు మీటింగు కంటే ముందే మీ దగ్గరకు రావలసింది. రాలేదు."

చిన్నమ్మ ఆ జవాబు ఊహించలేదు. గుమ్మం వదిలి వచ్చి అరుగు మీద కూర్చుంది. అప్పుడు సుభద్ర గారు, పాము ఎక్కడ కరిచిందో చూపిస్తారా అని అడిగారు. నలుగురం లేచి వెళ్లాం. లలిత ముందు నడిచింది. ఆ చోటు నీళ్ల ఒడ్డున లేదు. ఇళ్ల వెనక నుంచి పోయే బాట మీద, రాళ్ల కుప్ప పక్కన, పిచ్చిమొక్కలు రెండు వైపుల నుంచీ కమ్ముకుని అడుగు ఎక్కడ పెడుతున్నామో కనబడని చోట ఉంది. నీళ్ల ఒడ్డుకు మేమెందుకు పోతం, గీ బాటెంబడే గదా పోయేది అని చిన్నమ్మ తనలో తాను అనుకున్నట్టు అంది. ఇంకో మాట కూడా ఆమే చెప్పింది. మిషను వచ్చిన కాడికెల్లి ఇంటెనక కొట్టంలకు పాములు వస్తున్నాయని, ఇంతకు ముందు అట్ల రాలేదని. ఎగువన పొదలు పోయాక అవి ఎక్కడికి పోతాయి మరి. సుభద్ర గారు ఆ మాటను అందుకుని గెలవాలని చూడలేదు. తల ఊపి, బాట ఎంత వెడల్పుంటే భయం ఉండదని అడిగారు. అక్కడే నిలబడి ఇద్దరూ మాట్లాడుకున్నారు. బాట బండి పట్టేంత వెడల్పు చేయాలి, రాళ్ల కుప్ప తీసేయాలి, దీపం స్తంభం ఒకటి వేయించాలి. బాటకూ నీళ్లకూ మధ్య ఉన్న దిగువ ఒడ్డును మాత్రం ముట్టుకోవద్దు. రేపటి పొద్దున మిషను దిగువకు వస్తుందని, ఈలోపు నక్ష మార్చి ఇస్తానని సుభద్ర గారు అంటే చిన్నమ్మ నవ్వింది.

"మిషినోనికి నక్ష ఏం తెలుస్తదమ్మా. గీత తెలుస్తది."

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి చిన్నమ్మ తట్టనిండా ముగ్గుపిండి పెట్టుకుని బాట అంచున నడుస్తోంది. వంగి, చేతి నుంచి పిండి సన్నగా జారవిడుస్తూ, వాకిట్లో గీసినంత శ్రద్ధగా గీస్తోంది. సుభద్ర గారు ముందు నడుస్తూ ఏ చెట్టు ఇటు, ఏది అటు అని చూపిస్తున్నారు. ఒక కానుగ చెట్టు దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది. కొట్టానికి మరీ దగ్గరగా ఉందని చిన్నమ్మ, నీళ్లకు నీడ అదొక్కటేనని ఆమె. చివరికి కింది కొమ్మలు కొట్టేసి చెట్టును ఉంచుదామనుకున్నారు. మిషను వచ్చింది. నడిపేవాడు గీత చూసి, కిందికి దిగి, ఇదేందని అడిగాడు. చిన్నమ్మ గీతకు అవతల నిలబడి, బాట దిక్కు ఎంతైనా కొట్టుకో, ఇటు మాత్రం రాకు అని చెప్పింది. పని చేయించే సూపర్‌వైజరు ఇంతలో వచ్చి గట్టిగా మాట్లాడాడు. సుభద్ర గారు మార్చిన నక్ష చేతికిచ్చి, దీనికి నాదే బాధ్యత, నా సంతకం ఉంది అన్నారు. అతను మా యజమానికి ఫోను చేయడానికి కొత్తగూడ చౌరస్తాకు పోయాడు. తిరిగి వచ్చేసరికి బాట వెడల్పయింది, రాళ్ల కుప్ప పోయింది. మీటింగులో లేచి మాట్లాడిన ఆ పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి కొత్త బాట మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. లలిత నిలబడి ఉంటే పలకరించాడు. తర్వాత సూపర్‌వైజరుతో, ఇది చాలు, దీపం వేయించండి అన్నాడు. దిగువ ఒడ్డు అట్లా మిగిలింది.

శ్రావణంలో పెద్దవాన పడింది. చదును చేసిన ఎగువ ఒడ్డు జారి, దానితో పాటు ఒక కొత్త ఇంటి ప్రహరీ వాగులోకి వాలింది. ఎగువ మడుగు పూడిపోయి మోకాలి లోతు ఎర్రనీళ్లు మిగిలాయి. అక్కడ ఎన్ని ఆదివారాలు కూర్చున్నా బెండు కదల్లేదు. దిగువన నీళ్లు వారంలోపే తేరుకున్నాయి. వానలు వెనకబట్టే వేళకు తుంగ దుబ్బు పక్కన ఎర్రటి ముద్ద మళ్లీ కదులుతూ కనబడింది. సుభద్ర గారు దాన్ని దాటి పోయి, కానుగ నీడలో కూర్చుని, ఆ పూట చేతినిండా జెల్లలు పట్టారు. వాటిని చిన్నమ్మకే ఇచ్చారు. చిన్నమ్మ చింతపులుసు పోసి వండింది. మా వైపయితే మామిడికాయ వేస్తారని సుభద్ర గారంటే, మరి అక్కడనే తినకపోయినవా అని చిన్నమ్మ. ఇద్దరూ అరుగు మీద పళ్లేలు పెట్టుకుని, ముళ్లు తీసుకుంటూ, చాలాసేపు నవ్వారు. లలిత నాకు మళ్లీ మళ్లీ వడ్డించింది.

ఆఫీసులో మాత్రం ఆమెకు బాగా జరగలేదు. అనుమతి లేకుండా నక్ష మార్చారని యజమాని మనసులో పెట్టుకున్నాడు. ఆ లేఅవుట్ పనులు చేజారాయి. సైట్లకు పోవడం మాన్పించి ఆమెను బల్లకు కట్టేశాడు. ఆమె కొన్నాళ్లు ఓర్చుకుని, భర్తకు విశాఖపట్నం బదిలీ కాగానే మానేశారు. వెళ్లే ముందు ఆదివారం దిగువ మడుగు దగ్గర నేను, మీరు చెప్పినట్టే గట్టు జారింది కదా మేడం, వాళ్లకు ఇప్పుడు తెలిసి ఉంటుంది అన్నాను. ఆమెను సంతోషపెడదామనుకున్నాను. ఆమె సంతోషించలేదు. "మీటింగులో నేను గెలుద్దామనుకున్నాను శ్రీశైలం. మీ చిన్నమ్మని ముందే అడిగి ఉంటే ఎగువ ఒడ్డు కూడా ఉండేది" అన్నారు. ఆ మాట అంటూ ఆమె ఎగువ వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ వాగు ఇప్పుడు లేదు. కొన్నేళ్లకు పైన లేఅవుట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి, దాన్ని సిమెంటు కాలువ చేసి, పైన పలకలు పరిచారు. వాటి మీద కార్లు నిలుపుతున్నారు. చిన్నమ్మ కుటుంబం కొండాపూర్‌కు మారింది. లలిత బడిలో టీచరయింది. సుభద్ర గారు విశాఖలో పోయారని నాకు చాలా ఆలస్యంగా, మరొకరి నోట తెలిసింది. ఆ కబురు విన్న రోజు ఆఫీసులోంచి బయటికి వచ్చి, ఎటు పోవాలో తెలియక, కాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాను. మిగిలిన ఆ దిగువ ఒడ్డు కొన్ని వానాకాలాలే బతికింది. అది ఓటమేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆ కొన్ని వానాకాలాల్లో అక్కడ పెరిగి ఈదుకుంటూ పోయిన చేపలు ఎటో పోయి ఉంటాయి గదా అనిపిస్తుంది. అంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

ఇప్పుడు నాకూ ఒక చిన్న ఆఫీసు ఉంది. చెరువుల పక్కన, కాలువల పక్కన పనులు వస్తుంటాయి. సైటుకు పోగానే నక్ష విప్పను. దగ్గర్లో ఉన్న ఇంటి తలుపు తట్టి, ఇక్కడ మీకు దేని భయం అని అడుగుతాను. జీపులో నా కోసం ఎదురుచూసే కుర్ర ఇంజినీర్లు విసుక్కుంటారు. ఆ ఇంటివాళ్లు చెప్పింది విన్నాక నీళ్ల దగ్గరకు పోయి కూర్చుంటాను. నా కళ్లు నడిమికి పోవు. అంచున, గడ్డి నీళ్లలోకి వంగిన చోట, ఏమైనా కదులుతోందా అని చూస్తాయి. కదిలితే, ఆ పూటకు కొలతల టేపు సంచిలోనే ఉంచి, లేచి, ఈ అంచును ముట్టుకోకుండా మీ భయం ఎలా తీర్చవచ్చో అడగడానికి మళ్లీ ఆ ఇంటికే పోతాను.